వట్టి రోజుకు తోడు

ఈమధ్య తిరుచానూరు రోడ్డులో ఏసీ జిమ్ము ఒకటి తెరిచారు. లోపలికి వెళితే గోడలన్నీ అద్దాలే. ఏ పక్కకు తిరిగినా నా పొట్ట నాకే ఎదురొస్తోంది. చేరుదామనే వెళ్ళాను. అక్కడి కోచ్ నన్ను ఎగాదిగా చూసి, గళ్ళు గీసిన కాగితం ఒకటి ముందు పెట్టుకున్నాడు.

"మీకు కార్బ్ సైక్లింగ్ రాస్తా సార్. బరువులెత్తే రోజు హై. అన్నం, సపాతీ తినొచ్చు. ఎత్తని రోజు లో. గుడ్లు, చికెను, ఆకుకూరలు, అంతే. మళ్ళా హై, మళ్ళా లో. సైకిల్ మాదిరి తిరగతా ఉంటాది. కొత్త పద్దతి సార్ ఇది. మన పక్క ఇంగా ఎవురికీ తెలీదు."

"లో రోజు నాకు తోడెవురుంటారు?" అని అడిగాను.

"పర్సనల్ ట్రైనర్ కావాలంటే అది వేరే ప్యాకేజీ సార్" అన్నాడు అతను. అతనిచ్చిన కాగితం జేబులో పెట్టుకుని, రేపు వస్తానని చెప్పి బయటపడ్డాను.

మన పక్క ఎవరికీ తెలియని ఆ పద్ధతిని ఎనిమిదేళ్ళ కిందటే తిరుపతి బజారు వెనక సందులో ఒక టైలరు నాకు నేర్పించాడు. మేమంతా ఆయన్ను ఉస్తాద్ అనేవాళ్ళం. ఆయన పోయి నాలుగేళ్ళు కావస్తోంది. ఆయన వారంలో మిగిలి ఉన్న ఒకే ఒక్క తిండి రోజును అడిగి మరీ తీసుకున్నవాణ్ణి నేను. ఆ సంగతి ఆయనకు తెలుసు, ఆయన భార్యకు తెలుసు, నాకు తెలుసు. తెలియాల్సిన ఇంకొక మనిషికి తెలియదు. ఆయన గురించి రాయాలని కూర్చున్నప్పుడల్లా ఈ ముల్లు దగ్గరే ఆగిపోతూ వచ్చాను.

మొదట ఆయన దగ్గరికి వెళ్ళింది కండల కోసం కాదు, ప్యాంటు కోసం. అప్పట్లో నేను తిరుచానూరులో ఒక లాడ్జి కౌంటర్లో కూర్చునేవాణ్ణి. పది గంటలు కుర్చీలోనే. పక్కనే టిఫిన్ల హోటలు. పైగా కొండ దిగి వచ్చిన ప్రతి కుటుంబం కౌంటర్ మీద ఒక లడ్డూ ముక్క పెట్టి పోయేది. ప్రసాదం వద్దనే ధైర్యం నాకెక్కడిది? రెండేళ్ళలో నడుము ముప్పై రెండు నుంచి ముప్పై ఎనిమిదికి పోయింది. ప్యాంటు పట్టుకెళ్ళి, నడుం దగ్గర విప్పి లూజు చెయ్యమన్నాను.

ఆయన ప్యాంటు తిరగేసి, లోపలి కుట్టు నా ముక్కు దగ్గర పెట్టాడు.

"సూడు. ఇప్పిటికే రెండుసార్లు ఇప్పేసినారు. ఇంగ ఇప్పేదానికి లోపల గుడ్డ లేదు. ప్యాంటు సేసేదంతా సేసింది పాపం. ఇంగ నువ్వు సెయ్యాల."

"ఇంకో టైలరు దగ్గరికి పోతా" అన్నాను, మొహం మాడ్చుకుని.

"పో. ఆయప్ప యాడినుంచి తెస్తాడు గుడ్డ?" అని మెడలోని టేపు తీసి నా నడుముకు చుట్టాడు. చుట్టిన టేపుతోనే పట్టుకుని, దూడను లాక్కుపోయినట్టు నన్ను అంగడి వెనక్కి తీసుకుపోయాడు.

వెనక రేకుల షెడ్డు. ఇనప కడ్డీలు, సిమెంటు పోసి గట్టిపరిచిన పాలపొడి డబ్బాలు, చేతులానించి లేవడానికి రెండు పైపులు. ఒక బల్ల ఉండేది. దానికి కత్తిరించగా మిగిలిన గుడ్డముక్కలు కూరి ఆయనే మెత్త కుట్టాడు. సఫారీ సూటు ముక్క, స్కూలు యూనిఫాం ముక్క, ఎవరి పెళ్ళికోటు ముక్కో అన్నీ అతుకులు వేసి ఉన్నాయి. అద్దం లేదు. అడిగితే, ముందు అంగట్లో ట్రయల్ రూములో ఉంది కదా, అది ప్యాంటు సూసుకునేదానికి, అన్నాడు. తూకం మిషను కూడా లేదు. ఆయనకు టేపు తప్ప వేరే సాక్ష్యం అక్కర్లేదు. నెలకోసారి బనీను మీదే కొలత తీసి, పాత కొలత దగ్గర టైలరు సుద్దతో ఒక గీత, కొత్త కొలత దగ్గర ఇంకో గీత గీసేవాడు. ఆ బనీనుతోనే బజారుకు పోతే జనం నవ్వేవాళ్ళు. ఆయన నవ్వేవాడు కాదు.

ఆయన నన్ను పేరు పెట్టి పిలవగా నేనెప్పుడూ వినలేదు. నా పేరు ముప్పై ఎనిమిది. "ఏం ముప్పై ఎనిమిదీ, బిరీన రా, ఎండ ఎక్కతా ఉండాది" అనేవాడు. కొలత తగ్గినప్పుడు పేరూ మారేది. ముప్పై ఏడు అని మొదటిసారి పిలిచిన పొద్దు, నలుగురి ముందూ ఏదో బిరుదు ఇచ్చినంత సంబరపడిపోయాను. అదేం పిచ్చో.

నలుగురి ముందూ అన్నాను గానీ నిజానికి షెడ్డులో ఎప్పుడూ నలుగురం కలిసేవాళ్ళం కాదు. కొండ మీదికి బస్సు నడిపే డ్రైవరన్న తెల్లవారి డ్యూటీకి ముందే వచ్చి పోయేవాడు. తిరుచానూరులో పూలంగడి పెట్టుకున్నాయన మధ్యాహ్నం బేరం తగ్గాక వచ్చేవాడు. నేను సాయంత్రం. దారిలో ఎదురైతే తలాడించుకునేవాళ్ళం, అంతే. ఎవరు ఏం తింటున్నారు, ఎవరి నడుం ఎంత తగ్గింది, ఒకరికొకరం చెప్పుకోగూడదని ఉస్తాద్ మాట తీసుకున్నాడు.

"ఒకని కొలత ఇంకొకనికి సెప్పే టైలరు టైలరే కాదు నాయనా. నా దగ్గిరికొచ్చే ఆడోళ్ళ జాకిట్ల కొలతలు ముప్పయ్యేళ్ళుగా నా కడుపులో ఉండాయి. నీదీ అంతే. నువ్వు గూడా అంతే ఉండాల" అనేవాడు.

ఎంత మంచి మాట అనుకున్నాను. అదే మా కొంప ముంచింది.

ఇక తిండి సంగతి. ఆయన వారాన్ని రెండు రకాలుగా చీల్చాడు. బరువులెత్తే రోజు నిండు రోజు. రెండు సంగటి ముద్దలు, ఊరుబిండి, పులగూర, ఏది కావాలంటే అది. ఎత్తని రోజు వట్టి రోజు. సంగటి, అన్నం, ఇడ్లీ, దోసె, రొట్టె, చక్కెర ఏదీ లేదు. గుడ్లు, ఆకుకూర, మజ్జిగ, కోడిమాంసం. మొదట్లో నాకు వారానికి రెండు వట్టి రోజులు వేశాడు. సోమవారం, గురువారం.

మొదటి వట్టి రోజున నేనే తెలివైనవాణ్ణనుకుని, అన్నం ముట్టకుండా నాలుగు దోసెలు తిని వచ్చాను. మా ఇంట్లో శనివారం ఒక్కపొద్దంటే అంతే మరి. అన్నం మానేసి ఉప్మా, దోసెలు కడుపునిండా లాగించడం. ఉస్తాద్ అంతా విని నా వైపు తిరిగాడు.

"దోసె ఏంటితో పోస్తారబ్బా?"

"బియ్యం, మినప్పప్పు..."

"బియ్యం రుబ్బితే దానికి బియ్యమని మతికుండదా?"

లడ్డూ సంగతీ అడిగేశాను. ప్రసాదం వద్దంటే పాపం కదా అన్నాను. ఆయన నమాజు మానని మనిషి. అయినా ఆ ప్రశ్నకు ఆయనే సరైన జవాబు చెప్పాడు. "వద్దనబాకు. కళ్ళకద్దుకో. ఒక పలుకు నోట్లో ఏసుకో, మిగిలింది పక్కనోళ్ళకు పంచు. సామి పేరు సెప్పుకోని నువ్వు మూడు లడ్లు తినేది సామికి తెలీదనుకుంటా ఉండావా?"

రెండో వట్టి రోజు నిజంగానే ఉన్నాను. నాలుగు గంటలకల్లా తల దిమ్మెక్కింది. లాడ్జి రిజిస్టరులో పేరు రాయాల్సిన చోట ఊరు, ఊరు రాయాల్సిన చోట పేరు రాశాను. ఇక నా వల్ల కాదని చెప్పడానికే సైకిలేసుకుని ఆయన అంగడికి వెళ్ళాను. ఆయన మిషను ఆపి, కింది అరలోంచి టిఫిను డబ్బా తీశాడు. రెండు ఉడకబెట్టిన గుడ్లు, ఇంత తోటకూర. ఒక గుడ్డు నా చేతిలో పెట్టాడు.

"మీరు తినండి ఉస్తాద్, మీ మధ్యాన్నం కూడది" అన్నాను.

"నాకూ వట్టి రోజే" అన్నాడు.

"మీకెందుకు? మీకు పొట్ట లేదు గదా."

"నీకుండాది గదా." దారం కొరికి, నింపాదిగా చెప్పాడు. "మాకు రంజాన్లో ముప్పై దినాలు ఎట్ల గడస్తాయో తెల్సునా? ఊరంతా ఉంటారు కాబట్టి గడస్తాయి. ఒక్కడే తినకుండా కూసుంటే అది పస్తప్పా. తోడుంటేనే ఉపాసం. నేను తినుకుంటా నిన్ను తినబాకంటే, ఆ మాటకు ఇలువేముండాది?"

ఆ గుడ్డు తిన్నాను. తలనొప్పి తగ్గలేదు గానీ, ఇక నా వల్ల కాదని చెప్పబుద్ధి కాలేదు. ఆ తర్వాత ఏ వట్టి రోజైనా సరే, లడ్డూ వాసనకు ప్రాణం కొట్టుకుంటున్నప్పుడు, నాలుగు మైళ్ళ అవతల ఆయన కూడా తినకుండా మిషను తొక్కుతున్నాడని గుర్తు చేసుకునేవాణ్ణి. అంతే, చెయ్యి వెనక్కి వచ్చేది.

ఈ పద్ధతి పనిచేస్తుందా అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో నాకు ఈరోజుకీ తెలియదు. నేను ఎనిమిది నెలల్లో ముప్పై అయిదుకు వచ్చాను. డ్రైవరన్న, తరవాత తనే చెప్పాడు, నలభై రెండు నుంచి ముప్పై తొమ్మిది. పూలాయన మాత్రం ముప్పై ఆరు దగ్గర మొదలుపెట్టి ముప్పై ఆరు దగ్గరే ఉండిపోయాడు. వట్టి రోజు బుద్ధిగా ఉండి నిండు రోజు రెండు రోజులది తినేవాడని తరవాత తెలిసింది. నిండు రోజు మర్నాడు బరువులు తేలిగ్గా లేచేవి, అది మాత్రం నిజం. సంగటి తిన్న మర్నాడు పదిసార్లు ఎత్తింది వట్టి రోజు మర్నాడు ఏడుసార్లకే ఆగిపోయేది. మొత్తం మీద తిన్నది తగ్గింది కాబట్టి నడుం తగ్గిందా, రోజులు మార్చి మార్చి తిన్నందుకు తగ్గిందా అంటే ఎవరు తేల్చగలరు? నాకు తెలిసిందల్లా ఒకటే. నాతో పాటు ఆయన లేకపోతే నేను ఒక్క వారం కూడా నిలిచేవాణ్ణి కాదు.

ఆయన అందరికీ వట్టి రోజు ఇచ్చేవాడనుకునేరు. ఒకసారి నా ముందే ఒక పెద్దమనిషి వచ్చి తనకూ వెయ్యమన్నాడు. ఉస్తాద్ కొలత తీస్తూ తీస్తూ, "మాత్రలేమన్నా మింగతా ఉండావా?" అని అడిగాడు. చక్కెర జబ్బుకు మింగుతున్నానన్నాడాయన. ఉస్తాద్ టేపు చుట్టేసి మెడలో వేసుకున్నాడు.

"నీకు వట్టి రోజు లేదు. మాత్ర మింగి తినకుండా ఉంటే ఒళ్ళు సల్లబడిపోతాది. మనిషి మనిషిగా ఉండడు. రోజూ రొంత రొంత తిను, సాయంత్రం నడువు. డాక్టరు సెప్పింది ఇను, నా మాట ఇనబాకు."

ఇంత కచ్చితంగా ఈయనకెలా తెలుసునా అని ఆ రోజు నాకు అనుమానం రాలేదు. ఆయన మిషను సొరుగులో, గుండీల డబ్బా పక్కనే మాత్రల అట్ట ఉండేది. గుండీలు వెతుకుతూ నేనే ఒకటి రెండుసార్లు చూశాను. తలనొప్పి మాత్రలనుకున్నాను.

మొదట్లో మా ముగ్గురికీ వట్టి రోజులు ఒకటే. సోమవారం, గురువారం. కావాలనే అలా కలిపి పెట్టుకున్నాడని ఇప్పుడు తెలుస్తోంది. తర్వాత డ్రైవరన్నకు డ్యూటీలు మారి, మంగళవారం, శుక్రవారం అడిగాడు. ఇచ్చాడు. ఆ తర్వాత నేను వెళ్ళి, "శనివారం ఎట్లా మా ఇంట్లో ఒక్కపొద్దే గదా ఉస్తాద్, నాకు బుధవారం, శనివారం చెయ్యండి, అమ్మకు రెండు వంటల బాధ తప్పుతుంది" అన్నాను. అదీ ఇచ్చాడు. పూలాయనకు శుక్రవారం అమ్మవారి గుడి దగ్గర ఊపిరాడని బేరం, కాబట్టి ఆయన సోమ, గురువారాలు వదల్లేదు. మాలో ప్రతివాడూ ఉస్తాద్ తన రెండు రోజులే పాటిస్తున్నాడనుకున్నాడు. ఒకరి సంగతి ఒకరం చెప్పుకోగూడదు కదా.

ఆయన సన్నబడుతున్నాడు. అది మాత్రం కనిపించేది. యాభై దాటిన మనిషి ఎంత బాగా ఉన్నాడని మురిసిపోయేవాళ్ళం. ఆయన ప్యాంటు పక్క కుట్టు ఒకసారి లోపలికి పట్టి, దాని మీద మళ్ళీ ఇంకోసారి పట్టి ఉండేది. ప్రపంచంలో అందరి నడుములూ ఆయన చూశాడు. ఆయన నడుము చూసిన వెధవ ఒక్కడు లేడు. నేనైతే ఆ కుట్టు చూసి, "మీరేం చేస్తున్నారో నాకూ చెప్పండి ఉస్తాద్" అని వేళాకోళం కూడా ఆడాను.

ముప్పై అయిదు దగ్గర నా కొలత ఆగిపోయింది. రెండు నెలలు సుద్దగీత మీద సుద్దగీతే. నాకు పట్టుదల వచ్చింది. పట్టుదల కూడా కాదు, గీర. నన్ను ముప్పై నాలుగు అని పిలవాలి, అంతే. ఒక శుక్రవారం సాయంత్రం అంగట్లోకి వెళ్ళి నిలబడ్డాను.

"ఉస్తాద్, ఇంకొక వట్టి రోజు ఎక్కువ ఎయ్యండి."

"వద్దబ్బా. రెండు సాలు."

"రెండుతో కావడం లేదు. మీరు తోడుంటే నేను ఉండగలను."

ఆ చివరి మాట నేను అనకుండా ఉండాల్సింది. ఆయన మిషను చక్రం మీద చెయ్యి పెట్టి ఆపాడు. బొటనవేలితో మిగతా వేళ్ళ గణుపులు ఒక్కొక్కటే తాకుతూ పోయాడు. జపం లాంటిదేదో చేసుకుంటున్నాడనుకుని నేను మర్యాదగా ఊరకున్నాను. ఆరు గణుపులు లెక్క పెట్టాడు. ఏడో దాని మీద వేలు ఆగింది. చాలాసేపు అక్కడే ఉంది.

"సరే, ఆదివారం ఏసుకో" అన్నాడు.

"ఆదివారమా? కూర తెచ్చుకునే రోజు గదా ఉస్తాద్?" అని నవ్వాను.

"నువ్వే గదప్పా అడిగినావు" అని చక్రం తిప్పాడు. నేను హుషారుగా సైకిలెక్కాను.

మొదటి ఆదివారం ఏమీ కాలేదు. రెండో ఆదివారం సాయంత్రం అయిదు గంటలకు వెళ్ళాను. అంగడి తెరిచే ఉంది. ఆయన మిషను మీద ఉన్నాడు. పిల్లల చొక్కా ఒకటి కుడుతున్నాడు. నుదుటి మీంచి చెమట ధారగా కారుతోంది. నన్ను చూసి, "నలభై రెండూ, వచ్చినావా, బస్సు యాడ పెట్టినావు?" అన్నాడు.

నేను నవ్వాను. ఆయనకు వేళాకోళం అలవాటే. ఏదో ఆట పట్టిస్తున్నాడనుకున్నాను. లోపలికి పోతూ ఆ చొక్కా వైపు చూశాను. చేతి మూతిని ఆ పక్కకూ ఈ పక్కకూ కలిపి మూసేసి కుట్టేస్తున్నాడు. పిల్లవాడి చెయ్యి బయటికి రాదు. అది నా కళ్ళతో చూశాను. చూసి, వట్టి రోజు ఎత్తగూడదని తెలిసీ, ముప్పై నాలుగు మీది ఆశతో షెడ్డులోకి పోయి బరువులెత్తడం మొదలుపెట్టాను. మూడు వరసలు పూర్తి చేశాను. పావుగంట పట్టి ఉంటుంది. మిషను చప్పుడు ఆగిపోయి ఎంతసేపయిందో కూడా గమనించలేదు.

బయటికి వచ్చేసరికి తల మిషను మీద వాలి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ నన్ను చూడటం లేదు. నా కేక విని లోపలి నుంచి ఆయన భార్య పరుగెత్తుకొచ్చింది. మొహం చూడగానే ఆమెకు తెలిసిపోయింది. వెనక్కి పరుగెత్తి చక్కెర తెచ్చి చెంపకూ చిగుళ్ళకూ మధ్య రుద్దింది. ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయాం. దారి పొడుగునా ఆమె ఉర్దూలో ఆయనతో మాట్లాడుతూనే ఉంది. ఒక్కసారి మాత్రం నా వైపు తిరిగి, తెలుగులో చెప్పింది.

"మామూలుగా వట్టి రోజు మాత్ర మింగడు నాయనా. తినే రోజే మింగతాడు. వారానికొక్క ఆదివారమే తినేది, ఇన్ని నెలలుగా ఆ దినమే మాత్ర మింగేది. ఈ పొద్దు ఆదివారం గదా అని సెయ్యి అలవాటుగా ఏసేసుకున్న్యాడు. మింగినాక మతికొచ్చినట్టుండాది, ఈ పొద్దు ఆ ముప్పై అయిదుకు మాటిచ్చినా అన్నాడు. సంగటి సేసి పెట్టినా, ముట్టలా."

ముప్పై అయిదు ఎవరో ఆమెకు తెలుసా తెలియదా అని నేను ఆమె మొహంలోకి చూశాను. తెలుసు.

రాత్రి కాకముందే డ్రైవరన్నా పూలాయనా వచ్చేశారు. వరండాలో మా ముగ్గురికీ మొదటిసారి మాటలు కలిశాయి. డాక్టరు, ఈయన ఎన్నాళ్ళుగా తిండి మానేశాడని అడిగిపోయాడు. ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. "నాకు తోడుగా మంగళ, శుక్రవారాలు ఉండేటోడు" అన్నాడు డ్రైవరన్న. "నాకు సోమ, గురువారాలు" అన్నాడు పూలాయన. "బుధ, శని" అన్నాను నేను. డ్రైవరన్న వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. ఆరు వేళ్ళు. ఆ పెద్ద మనిషి, ఘాట్ రోడ్డు మలుపుల్లో స్టీరింగు తిప్పే చేతులున్నవాడు, ఆ వేళ్ళనే చూసుకుంటూ గోడకు జారగిలపడ్డాడు.

"నేను మంగళ, శుక్రవారాలు అడగకుండా ఉంటే..." అన్నాడు. కాసేపటికి తనే సర్దుకున్నాడు. "ఆదివారం ఉండాది గదా. ఆదివారమన్నా తినుంటాడు లే. ఉండాది గదప్పా ఆదివారం?"

నా వైపు చూసి అడిగాడు. నేను నోరు తెరవలేదు. అప్పుడు తెరిచి ఉంటే ఇది రాయాల్సిన పనే ఉండేది కాదు.

ఉస్తాద్ బతికాడు. ఇంకో మూడేళ్ళు బతికాడు. కానీ కుడిచెయ్యి మునుపటిలా లేదు. సూదిలో దారం ఎక్కించలేకపోయేవాడు. మాట మధ్యలో ఆగి, ఏం చెబుతున్నాడో మరిచిపోయేవాడు. షెడ్డు మూయలేదు. వట్టి రోజులు మాత్రం ఎత్తేశాడు. "రోజూ రెండు ముద్దలు తినేటోడు ఒకటిన్నర తినండి. సాలు. దీనికి వట్టి రోజెందుకు, నిండు రోజెందుకు" అనేవాడు. నన్ను ఏమీ అనలేదు. అదే భరించడం కష్టమయ్యేది. ఒకసారి చెప్పేద్దామని వెళ్ళి, "ఉస్తాద్, ఆ ఆదివారం..." అని మొదలుపెట్టాను. ఆయన ఎడం చేత్తో టేపు అందుకుని, వణుకుతున్న కుడిచేత్తో రెండో కొస పట్టుకోలేక, "ఈ కొస నువ్వు పట్టుకో నాయనా" అన్నాడు. పట్టుకున్నాను. ఇద్దరం కలిసి నా నడుము కొలిచాం. "ముప్పై ఆరు" అని నవ్వాడు. "బాగుండాది. తింటా ఉండావు."

ఆయన పోయిన మూడో రోజు వాళ్ళింట్లో అందరికీ భోజనం పెట్టారు. డ్రైవరన్న నా పక్కనే కూర్చున్నాడు. అప్పటికి ఆయన మళ్ళీ లావయ్యాడు. వ్యాయామం పూర్తిగా మానేశాడు. కడ్డీ ముట్టుకుంటే ఉస్తాద్ గుర్తొచ్చి చేతులు రావడం లేదని చెప్పాడు. ఆమె వడ్డిస్తూ మా ముందుకు వచ్చినప్పుడు తలెత్తి అడిగాడు.

"అమ్మా, ఒక్క మాట. నేను అడిగి తీసుకున్న రెండు దినాలే ఆయన్ని తిన్నాయని నా మనసు పీకతా ఉండాది. నిజం సెప్పు. ఆదివారమన్నా తినేటోడా?"

ఆమె గరిటె చేతిలో అలాగే పట్టుకుని నిలబడింది. నా వైపు చూడలేదు. ఎంత కష్టపడి చూడకుండా ఉందో నాకు తెలుసు.

"తినేటోడు నాయనా. ఆదివారం కడుపునిండా తినేటోడు" అంది.

డ్రైవరన్న తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. ఆమె నా పళ్ళెంలో ఇంకొంచెం అన్నం వేసి, తిను నాయనా అని పక్కకు వెళ్ళిపోయింది. నేను తిన్నాను. పళ్ళెం ఖాళీ అయ్యేదాకా తిన్నాను.

అప్పటినుంచి ఆదివారాలు నాకు ఆదివారాలుగా లేవు. మా ఇంట్లో సంగటి, కోడికూర చేస్తారు. మొదటి ముద్ద తుంచేటప్పుడు ఎదురుగా ఆయన కూర్చుని ఉంటాడు. కోపం లేదు, అడిగేదీ లేదు. నాకు తోడుగా తినకుండా కూర్చుని ఉంటాడు, అంతే. నువ్వు తిను, నేను ఉంటా అన్నట్టు. నా భార్య ఏమయిందని అడుగుతుంది. వేడిగా ఉందని చెబుతాను.

ఆ జిమ్ము కోచ్ దగ్గరికి మళ్ళీ వెళ్ళలేదు. కానీ అతను గళ్ళు గీసి ఇచ్చిన కాగితం జేబులో ఉండిపోయింది. సోమవారం నుంచి శనివారం దాకా హై, లో, హై, లో అని రాసి, ఆదివారం గడి ఖాళీగా వదిలేశాడు. మీ ఇష్టం సార్ అన్నాడు.

డ్రైవరన్నా, నువ్వు ఇది చదువుతావో లేదో తెలియదు. చదివినవాళ్ళెవరైనా నీకు చెబితే చాలు. మొన్న కొండ కింద బస్టాండులో కనిపించి కూడా అదే మాట అన్నావు, నేనే ఆయన్ని పస్తు పెట్టినానప్పా అని. లేదన్నా. నీ మంగళవారం, శుక్రవారం ఆయన్నేమీ చెయ్యలేదు. ఆ రోజుల్లో ఆయన మాత్ర మింగేవాడు కాదు. ఆమె నీకు చెప్పింది అబద్ధం. నిన్ను ఊరడించడానికి, నన్ను కాపాడటానికి చెప్పింది. ఆదివారం ఆయన తినలేదు. ఆదివారం నాది.